డిజైనర్ హ్యాండ్‌బ్యాగులు: కోల్‌కతాలో తయారీ, శైలి, విలువ

పేరున్న ఫ్యాషన్ సంస్థ గానీ రూపకర్త గానీ తన ముద్ర వేసి, ఎంపిక చేసిన దుకాణాల్లో మాత్రమే అమ్మే చేతిసంచిని డిజైనర్ హ్యాండ్‌బ్యాగు అంటారు. మామూలు సంచికీ దీనికీ తేడా సరుకులో కొంత, పనితనంలో కొంత, పేరులో చాలా ఉంటుంది. ఏది ఎంత అన్న దగ్గరే ఈ వస్తువు మీద వాదాలన్నీ మొదలవుతాయి. తోలు పదును చేసి, సంచులు కుట్టి విదేశాలకు పంపే కోల్‌కతా నగరం విదేశీ ముద్ర ఉన్న సంచులను కొనుక్కుంటుంది కూడా. భుజాన గుడ్డ జోలె వేసుకోవడాన్ని గొప్పగా చెప్పుకున్న నగరమూ ఇదే. అందుకే ఈ వ్యాసం ఆ నగరాన్ని ఆధారంగా చేసుకుంది.

నిర్వచనం, పరిధి

డిజైనర్ సంచికి చట్టపరమైన నిర్వచనం లేదు. వ్యాపారంలో మూడు మెట్లు వాడుకలో ఉన్నాయి. పై మెట్టులో ఎర్మేస్, షనెల్, లూయీ విత్తోఁ వంటి ఐరోపా సంస్థలున్నాయి. నడిమి మెట్టును అందుబాటు విలాసం అంటారు. కోచ్, మైకేల్ కోర్స్ వంటివి ఇందులోకి వస్తాయి. మూడో మెట్టు ఆయా దేశాల సొంత పేర్లది. 1978లో పుదుచ్చేరిలో దిలీప్ కపూర్ మొదలుపెట్టిన హైడిజైన్ మన దేశంలో ఈ కోవకు చెందిన మొదటి పేర్లలో ఒకటి. ఆకారాన్ని బట్టి చెప్పే టోట్, స్లింగ్, క్లచ్, సాచెల్, హోబో వంటి పేర్లు అన్ని మెట్లకూ ఒకటే. మూడు వందల రూపాయల స్లింగూ మూడు లక్షల స్లింగూ ఆకారంలో ఒకే జాతి.

చరిత్ర: ప్రపంచ నేపథ్యం

ఐరోపాలో 18వ శతాబ్దం చివర ఆడవారి దుస్తులు పలచబడి, లోపల జేబులు పెట్టుకునే వీలు లేకపోవడంతో రెటిక్యూల్ అనే చిన్న సంచి పైకి వచ్చింది. మన వక్కాకు సంచి, ఉత్తరాది బట్వా అప్పటికే వాడుకలో ఉన్నాయి. రైలు ప్రయాణాలు పెరిగాక సంచి పెద్దదైంది, గట్టిపడింది. నేటి పెద్ద పేర్లు కొన్ని సామాను పెట్టెల నుంచి, గుర్రపు జీనుల నుంచి పుట్టినవే. ఎర్మేస్ 1837లో గుర్రాల సామగ్రి చేసే దుకాణంగా, లూయీ విత్తోఁ 1854లో ప్రయాణపు పెట్టెల దుకాణంగా పారిస్‌లో మొదలయ్యాయి. విత్తోఁ అక్షరాల అల్లికతో మోనోగ్రామ్ గుడ్డ 1896లో వచ్చింది. చేతులు ఖాళీగా ఉండేలా గొలుసుతో భుజానికి తగిలించుకునే సంచిని షనెల్ 1955 ఫిబ్రవరిలో విడుదల చేసింది. ఆ నెలా ఏడాదీ కలిపి దానికి 2.55 అని పేరు పెట్టింది. నటి జేన్ బర్కిన్ పేరుతో ఎర్మేస్ సంచి 1984లో వచ్చింది.

కోల్‌కతాలో తోలు పని

*టాంగ్రా, తిల్జలా, తోప్సియా.* నగరానికి తూర్పున, మురుగు కాలువలు పారే పల్లపు నేలల్లో టానరీలు, అంటే తోలు పదును చేసే కార్ఖానాలు వెలిశాయి. ఈ పనిని అగ్రవర్ణాల బెంగాలీలు అంటరానిదిగా చూసినంత కాలం బిహార్ నుంచి వచ్చిన చర్మకారులు, ముస్లిం కార్మికులు, దక్షిణ చైనా నుంచి వలస వచ్చిన హక్కా చైనీయులు దాన్ని నడిపారు. బెంటింక్ స్ట్రీట్‌లో చైనీయుల చెప్పుల దుకాణాలు, టాంగ్రాలో వాళ్ల టానరీలు చాలాకాలం పాటు నగరానికి గుర్తులు. 1962లో చైనాతో యుద్ధం తర్వాత చాలామంది చైనీయులను రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. ఆపైన చాలా కుటుంబాలు కెనడా దారి పట్టాయి. ఇప్పుడు టాంగ్రా పేరు చెబితే నగరవాసికి గుర్తొచ్చేది నూడుల్సే.

*స్వదేశీ, శాస్త్రం.* తోలు పనికి భద్రలోకుల, అంటే చదువుకున్న పైతరగతి బెంగాలీల ఆమోదం తెచ్చింది స్వదేశీ ఉద్యమం. వైద్యుడు నీలరతన్ సర్కార్ తదితరులు ఆ రోజుల్లో నేషనల్ టానరీ స్థాపించారు. 1919లో కలకత్తా రీసెర్చ్ టానరీ ఏర్పడింది. అదే 1926లో బెంగాల్ టానింగ్ ఇన్‌స్టిట్యూట్‌గా, తర్వాత తోలు సాంకేతిక కళాశాలగా మారింది. ఈ సంస్థ నుంచి వచ్చిన బి.ఎం.దాస్ మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు మొదటి డైరెక్టరు. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ (1922–1985) 1958లో ఆ సంస్థ పగ్గాలు చేపట్టి 1971 దాకా నడిపారు. పచ్చి చర్మాన్ని ఎగుమతి చేసి చెప్పులు, సంచులు దిగుమతి చేసుకునే పద్ధతి పోవాలని, చేతిపని చేసేవాడికి శాస్త్రం అందాలని ఆయన పట్టుబట్టారు. 1972లో ప్రభుత్వం వేసిన సీతారామయ్య కమిటీ కూడా ఇదే దారి చూపింది. దాంతో పచ్చి, సగం పదును తోళ్ల ఎగుమతికి ప్రభుత్వం పగ్గాలు వేసింది. కోల్‌కతాలో సంచులు కుట్టే కార్ఖానాలు పెరగడం వెనుక ఈ విధానం పాత్ర చిన్నది కాదు.

*బంతలా.* టానరీల మురుగు మీద పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 19న తీర్పు ఇచ్చింది. టాంగ్రా, తిల్జలా, తోప్సియా, పాగ్లాడాంగాల్లోని సుమారు 550 టానరీలు నగరం వదిలి వెళ్లాలని ఆదేశించింది. వాటికోసం నగరానికి ఆగ్నేయాన బంతలా వద్ద దాదాపు 1,100 ఎకరాల్లో కలకత్తా లెదర్ కాంప్లెక్స్ వెలిసింది. 2005లో దాని అధికారిక ప్రారంభం జరిగింది. మురుగునంతా ఒకేచోట శుద్ధి చేసే ఏర్పాటు ఈ తరలింపులో కీలకం. టానరీలు కదిలాయి గానీ సంచులు కుట్టేవాళ్లందరూ కదల్లేదు. తోప్సియా, తిల్జలా సందుల్లో మేడ మెట్ల కింద, అద్దె గదుల్లో కుట్టుమిషన్లు నేటికీ ఆడుతున్నాయి. దేశం ఎగుమతి చేసే తోలు సంచులు, పర్సులు, ఇతర చిన్న వస్తువుల్లో దాదాపు సగం ఈ నగరానివేనని పరిశ్రమ వర్గాలు చెబుతాయి.

శాంతినికేతన్ తోలు సంచి

ఫ్యాషన్ ఇంటి ముద్ర లేకుండానే రూపకల్పనకు పేరు తెచ్చుకున్న సంచి ఇది. రవీంద్రుని కుమారుడు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి ఐరోపాలో చూసి వచ్చిన తోలు పనిని శాంతినికేతన్ పక్కనే ఉన్న శ్రీనికేతన్ శిల్పసదన్‌లో ప్రవేశపెట్టారు. మొక్కల రసాలతో పదును చేసిన మేక, గొర్రె తోలును ముందు తడి చేస్తారు. మొన ఉన్న పనిముట్టుతో బొమ్మ గీస్తారు. గీతల చుట్టూ తోలును నొక్కుతూ పోతే బొమ్మ ఉబ్బెత్తుగా లేస్తుంది. ఆపైన కుంచెతో రంగులద్దుతారు. బాతిక్ పద్ధతిలో మైనం పూసి నలిపితే, పగుళ్లలోకి రంగు దిగి సాలెగూడు వంటి గీతలు ఏర్పడతాయి. అంచులను దారంతో కుట్టకుండా సన్నని తోలు పట్టీతో అల్లుతారు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు ఒకదాని పక్కన ఒకటి నిలిచే ఈ సంచి దూరం నుంచే తెలిసిపోతుంది. శాంతినికేతన్ తోలు వస్తువులకు 2007–08లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంత పని ఉన్న సంచి కోల్‌కతా మేళాల్లో కొన్ని వందల రూపాయలకే దొరకడం గమనించదగిన సంగతి. చేతిపని ఎక్కువైతే ధర దానంతటదే పెరుగుతుందన్న మాట ఇక్కడ నిలవదు.

తయారీ విధానం

*పదును.* చర్మాన్ని సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, కుళ్లకుండా పదును చేయడానికి రెండు దారులు. పాతది కరక్కాయ, తంగేడు చెక్క వంటి వాటి వగరు రసంతో చేసేది. వారాలు పడుతుంది, తోలు గట్టిగా ఉండి వాడేకొద్దీ రంగు తేలుతుంది. రెండోది క్రోమియం లవణాలతో చేసేది. పని ఒకటి రెండు రోజుల్లో తెములుతుంది, తోలు మెత్తగా ఉంటుంది. క్రోమియం పదును తేలాక తోలు లేత నీలంగా మారుతుంది కనుక దాన్ని వెట్‌బ్లూ అంటారు. ప్రపంచంలో అధికభాగం తోలు ఈ రెండో దారిలోనే తయారవుతుంది, బంతలాలోనూ అంతే.

*కోత, కుట్టు.* ఒక చర్మంలో వీపు భాగం బిగువుగా, పొట్ట భాగం సాగేలా ఉంటాయి. మంచి కార్ఖానాలో సంచి ముందు పలకకు వీపు వాడి, పొట్టను కనబడని చోట్లకు సర్దుతారు. దోమకాటు మచ్చ, ముళ్లకంప గీత ఎక్కడున్నాయో వేలితో తడిమి చూసి, వాటిని తప్పించి అచ్చు పెట్టి కోస్తారు. తర్వాతిది స్కైవింగ్, అంటే అంచును పలచగా చెక్కడం. ఇది సరిగా కుదరకపోతే మడత దగ్గర తోలు ఉబ్బి, కుట్టు వంకర పోతుంది. పైకి కనబడే అంచుకు రంగు పూసి, ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూస్తారు. ఖరీదైన సంచికి ఈ పూత నాలుగైదు సార్లు పడుతుంది. చవక సంచికి ఒక్కసారితో సరి, ఆరు నెలల్లో అది పెచ్చులుగా లేస్తుంది.

జీను కుట్టు అనే చేతికుట్టులో మైనం పట్టించిన ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులుంటాయి. ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. మిషన్ కుట్టు ఒకచోట తెగితే వరస విడిపోయే ప్రమాదం ఉంది. ఎర్మేస్ తన పేరున్న సంచులను చేతికుట్టుతో చేయిస్తుంది; ఒక సంచిని మొదటి నుంచి చివరి దాకా సాధారణంగా ఒకే పనివాడు చేస్తాడు. కోల్‌కతా కార్ఖానాల్లో పని పంచుకుంటారు. కోసేవాడు వేరు, జిగురు పెట్టేవాడు వేరు, మిషన్ మీద కూర్చునే కారిగర్ వేరు. చాలామందికి కూలి ముక్కకింత అని ముడుతుంది.

విలువ మీద వాదాలు

*పనితనమే విలువ.* తోలు, కుట్టు, లోపలి అస్తరు, ఇత్తడి బకిలు, జిప్పు అన్నీ మేలైనవైతే సంచి ఇరవై ఏళ్లు వస్తుందని, ఏడాదికోసారి మార్చే రెక్సిన్ సంచి కంటే అదే చవకని ఈ వాదం. ఇందులో నిజముంది గానీ అది ఒక హద్దు దాకానే. మేలైన తోలుకూ కుట్టుకూ అయ్యే ఖర్చుకు ఒక పైకప్పు ఉంటుంది, ధరకు ఉండదు.

*పేరే విలువ.* 2024 జూన్‌లో ఇటలీలోని మిలాన్ కోర్టు డియోర్ సంస్థకు చెందిన ఒక తయారీ విభాగాన్ని న్యాయ పర్యవేక్షణ కిందికి తెచ్చింది. దుకాణంలో 2,600 యూరోలు పలికే ఒక సంచిని కుట్టిపెట్టినందుకు ఉపకాంట్రాక్టరుకు 53 యూరోలు ముట్టినట్టు కోర్టు పత్రాల్లో బయటపడింది. ఆ 53లో తోలు ఖరీదు కలవలేదన్నది గుర్తుంచుకోవాలి. దుకాణం అద్దె, ప్రకటనలు, రూపకల్పన ఖర్చు కూడా వేరే. అవన్నీ కలిపినా అంతరం పెద్దదే. తమకు తెలియకుండా జరిగిన ఉపకాంట్రాక్టని సంస్థ చెప్పింది. 2025లో కోర్టు పర్యవేక్షణ ఎత్తివేసింది. ఐరోపా పేరుంటే పనివాడి బతుకు బాగున్నట్టే అన్న నమ్మకం మాత్రం ఈ కేసుతో సడలింది.

*హోదాకు గుర్తు.* ధర ఎక్కువైనందుకే వస్తువు కోరదగినదవుతుందని అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రతిపాదించాడు. హ్యాండ్‌బ్యాగుకు ఈ సూత్రం అతికినట్టు మరో వస్తువుకు అతకదు. దీనికి ఒక మెలిక కూడా ఉంది. యంగ్ జీ హాన్, జోసెఫ్ నూనెస్, జేవియర్ డ్రేజ్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో విలాస సంచుల ధరలను పరిశీలించి, ఒకే సంస్థ సంచుల్లో ధర పెరిగేకొద్దీ ముద్ర చిన్నదవుతోందని తేల్చారు. అక్షరాలు కొట్టొచ్చినట్టు కనబడేది తక్కువ మెట్టు సంచి. పై మెట్టు దాన్ని తెలిసినవాళ్లే గుర్తు పడతారు.

*పెట్టుబడి.* 2025 జులై 10న పారిస్‌లో సదబీస్ వేలంలో జేన్ బర్కిన్ స్వయంగా వాడిన మొదటి బర్కిన్ సంచి దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. ఇలాంటి వార్తలతో సంచిని బంగారంతో పోల్చడం మామూలైంది. కానీ తిరిగి అమ్మితే కొన్న ధర దాటేవి ఎర్మేస్ వారి బర్కిన్, కెల్లీ వంటి కొద్ది రకాలే. అందుబాటు విలాసపు సంచి దుకాణం గడప దాటగానే విలువ కోల్పోతుంది.

*నైతిక అభ్యంతరాలు.* జంతుహింస, క్రోమియం మురుగు, కూలి రేట్లు ఈ మూడూ ప్రధానమైనవి. తోలుకు బదులు వాడే పాలియురేథేన్ పెట్రోలియం సరుకు కనుక అదీ నిరపాయం కాదని ఎదుటి పక్షం అంటుంది. మొసలి, కొండచిలువ చర్మాల విషయంలో మాత్రం మన దేశంలో చర్చకు తావు తక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జంతువుల వేటను, చర్మాల వ్యాపారాన్ని కట్టడి చేస్తుంది.

శైలి మీద కోల్‌కతా అభిప్రాయాలు

కాలేజ్ స్ట్రీట్ పుస్తక దుకాణాల మధ్య, కాఫీ హౌస్‌లో కాంథా కుట్టు జోలె చదువుకూ సాదాతనానికీ గుర్తుగా చాలాకాలం చెల్లింది. ఆ జోలె వేసుకునేవారి లెక్కలో మెరిసే సంచి కొత్త డబ్బుకు చిహ్నం. మధ్యతరగతికి న్యూ మార్కెట్, లిండ్సే స్ట్రీట్‌లోని శ్రీలెదర్స్ వంటి దుకాణాలు నమ్మకం. గట్టి తోలు, తక్కువ ధర, పేరు ఆడంబరం లేదు. 2013లో పార్క్ సర్కస్ దగ్గర క్వెస్ట్ మాల్ తెరుచుకోవడంతో గుచ్చి, బర్బెరీ వంటివి నగరంలోకే వచ్చాయి. సంచులు కుట్టే తోప్సియా, తిల్జలా అక్కడికి కూతవేటు దూరంలో ఉన్నాయి.

జోలెకూ డిజైనర్ సంచికీ మధ్య ఉన్న ఈ పాత తగవు ఒకసారి పార్లమెంటు దాకా పోయింది. 2022 ఆగస్టు 1న లోక్‌సభలో ధరల పెరుగుదల మీద తృణమూల్ సభ్యురాలు కాకలీ ఘోష్ దస్తిదార్ మాట్లాడుతుండగా, పక్కనే ఉన్న కృష్ణనగర్ సభ్యురాలు మహువా మొయిత్రా తన లూయీ విత్తోఁ సంచిని బల్ల కిందికి జరిపిన వీడియో వ్యాపించింది. ధరల మీద మాట్లాడే పార్టీవారికి ఆ సంచి ఎలా తగునని ప్రత్యర్థులు అడిగారు. సొంత డబ్బుతో కొన్న వస్తువుకూ ప్రజల సమస్యకూ ముడి ఏమిటని ఆమెను సమర్థించినవారు వాదించారు. 2019 నుంచీ అదే సంచితో సభకు వస్తున్నట్టు చూపే ఫొటోలను మొయిత్రా స్వయంగా పెట్టి, తాను ఫకీరునని, జోలె పట్టుకుని వెళ్లిపోతానని గతంలో ప్రధాని అన్న మాటను ఎత్తిపొడిచారు. ఒకే సంచిని ఏళ్ల తరబడి వాడటం పొదుపో విలాసమో ఆ వివాదంలో ఎవరూ తేల్చలేదు.

మరో దారి సబ్యసాచి ముఖర్జీది. కోల్‌కతాలోని నిఫ్ట్ ఫ్యాషన్ కళాశాలలో చదివి 1999లో సొంత పేరుతో దుస్తుల వ్యాపారం మొదలుపెట్టిన ఆయన, బెంగాల్ పులి ముద్రతో హ్యాండ్‌బ్యాగులు కూడా తెచ్చారు. 2021 జనవరిలో ఆదిత్య బిర్లా ఫ్యాషన్ సంస్థ ఆయన వ్యాపారంలో 51 శాతం వాటాను 398 కోట్ల రూపాయలకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. 2022లో న్యూయార్కులో దుకాణం తెరిచారు. దేశీయ ముద్రకు విదేశీ స్థాయి ధర తగునని ఆయన అభిమానులు అంటారు; వెబ్లెన్ సూత్రమే బెంగాలీ వేషంలో వచ్చిందని విమర్శకులు అంటారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

నకళ్లు

అసలు పేరు, ముద్ర పెట్టి అమ్మే నకలుకు దేశమంతటా బజారులో ఉన్న పేరు ఫస్ట్ కాపీ. మంచి నకలులో తోలు, కుట్టు అసలుకు దగ్గరగా ఉండవచ్చు. అది దొరికిపోయేది ఎక్కువగా బకిలు బరువు దగ్గర, లోపలి ముద్ర అక్షరాల అమరిక దగ్గర, కుట్టు దగ్గర ముద్ర నమూనా సగంలో తెగడం దగ్గర. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం తప్పుడు ముద్రతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ముద్ర కాపీ కొట్టకుండా ఆకారం పోలికతో మాత్రమే చేసిన సంచి పరిస్థితి వేరు. దాని మీద వాదం ఆకారానికి హక్కు ఉందా లేదా అన్న దాకా పోతుంది.

వాతావరణం, మన్నిక

ఐరోపా సంచి మన్నిక గురించిన మాటలు చల్లని దేశాల అనుభవం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కోల్‌కతా గాలిలోని తేమకు తోలు మీద బూజు పడుతుంది, ఇత్తడి నల్లబడుతుంది. పాలియురేథేన్ పూత తేమకు విచ్ఛిన్నమై, వాడకుండా బీరువాలో దాచినా పొరలుగా ఊడిపోతుంది. కోస్తా ఆంధ్రలోనూ ఇదే తంతు. ఒక్కసారి ఊడటం మొదలైతే ఆ పూతకు మరమ్మతు లేదు. తోలు సంచిని ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచకూడదు. లోపల కాగితాలు కూరి, నూలు సంచిలో పెట్టి, గాలాడే చోట ఉంచాలి. బూజు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది.